లా కమిషన్ రాసింది చట్టం కావాలంటే

(మన సంఘం జిల్లా అధ్యయన తరగతుల్లో ‘లా కమిషన్ - రైతు కుటుంబం’ అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచీ మద్దతు ధర గురించి, పంటల బీమా గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి వివరంగా మాట్లాడుకున్నాం. నాకు అప్పగించిన అంశం లా కమిషన్. పొద్దున టీ తాగుతుంటే ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, “లా కమిషన్‌తో మనకేం పనండీ? అది లాయర్ల గొడవ కదా” అన్నారు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మన ఊరికి వీఆర్వో వస్తాడు, బ్యాంకు మేనేజరు వస్తాడు, ఎన్నికలప్పుడు నాయకులొస్తారు. లా కమిషన్ వాళ్లు ఎప్పుడూ రాలేదు. కానీ వాళ్లు ఢిల్లీలో కూర్చుని రాసిన ఒక నివేదిక మన ఇళ్లలోకి వచ్చింది. మన పొలం గట్ల మీదికి వచ్చింది. అక్కాచెల్లెళ్ల మధ్య, అన్నదమ్ముల మధ్య కూర్చుంది. మరొక నివేదికేమో రాసిన 55 ఏళ్ల దాకా మన దగ్గరికి చేరనేలేదు. ఈ రెండింటికీ తేడా ఎక్కడొచ్చింది? ఈ గంటసేపూ నేను చెప్పబోయేది అదే.

అసలు ఈ సంస్థ ఏమిటి?

చట్టం చేసేది పార్లమెంటు, అసెంబ్లీ. చట్టానికి అర్థం చెప్పేది కోర్టు. మరి ఉన్న చట్టం పాతబడిందనీ, అన్యాయంగా ఉందనీ, ఒకదానికొకటి పొసగడం లేదనీ చూసి, “దీన్ని ఇలా మార్చండి” అని చెప్పేదెవరు? ఆ పని కోసం ఏర్పడిందే లా కమిషన్. సాధారణంగా సుప్రీంకోర్టులోనో, హైకోర్టులోనో పనిచేసి రిటైరైన న్యాయమూర్తి దానికి ఛైర్మన్‌గా ఉంటారు. ఒక అంశం తీసుకుంటారు, పాత చట్టాలు, తీర్పులు చదువుతారు, ప్రశ్నావళి విడుదల చేసి జనం అభిప్రాయం అడుగుతారు. చివరికి నివేదిక రాసి కేంద్ర న్యాయశాఖకు ఇస్తారు. చాలా నివేదికల్లో కొత్త చట్టం ముసాయిదా కూడా రాసి జత చేస్తారు.

మన దేశానికి ఇది కొత్తది కాదు. మొదటి లా కమిషన్ 1834లో మెకాలే అధ్యక్షతన ఏర్పడింది. మొన్నమొన్నటి దాకా అమల్లో ఉన్న ఇండియన్ పీనల్ కోడ్‌కు పునాది అక్కడే పడింది. అయితే అది కంపెనీ ప్రభుత్వం తన పాలన కోసం పెట్టుకున్న కమిషన్. స్వతంత్రం వచ్చాక మొదటి లా కమిషన్‌ను 1955లో ఎం.సి.సెతల్వాడ్ అధ్యక్షతన వేశారు. అప్పటి నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా కమిషన్లు వస్తూనే ఉన్నాయి. ఇప్పటిదాకా 280కి పైగా నివేదికలు ఇచ్చాయి. వాటిలో మన తెలుగు న్యాయమూర్తుల పాత్ర చిన్నది కాదు. జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి, జస్టిస్ ఎం.జగన్నాథరావు, జస్టిస్ పి.వెంకటరామరెడ్డి ముగ్గురూ ఈ కమిషన్‌కు ఛైర్మన్లుగా చేసినవారే.

ఒక్క విషయం మాత్రం మొదటే గుర్తుపెట్టుకోండి. లా కమిషన్ చెప్పింది సలహా మాత్రమే, ఆజ్ఞ కాదు. ప్రభుత్వం తీసుకోవచ్చు, అల్మారాలో పెట్టొచ్చు.

అల్మారాలో మిగిలిన నివేదిక

ముందు అల్మారా కథ చెప్తాను. భూసేకరణ అంటే మనందరికీ తెలుసు. 4(1) నోటిఫికేషన్ పేపర్లో పడిందంటే ఊళ్లో అన్నం సహించేది కాదు. అది 1894 నాటి చట్టం. తెల్లదొరలు రాసింది. ‘ప్రజా ప్రయోజనం’ అనే ఒక్క మాట చాలు, మన భూమి పోవడానికి. దేన్ని ప్రజా ప్రయోజనం అనాలో నిర్ణయించేది కూడా ప్రభుత్వమే. అత్యవసరం అని 17వ సెక్షన్ పెడితే మన అభ్యంతరం వినే పని కూడా లేదు. పొలం పోతే దాని మీద బతికే కౌలుదారు, కూలీ ఏమవుతారన్న మాటే ఆ చట్టంలో లేదు.

స్వతంత్రం వచ్చి పదకొండేళ్లకే, 1958లో, సెతల్వాడ్ కమిషన్ తన 10వ నివేదికగా ఈ చట్టాన్నే తీసుకుంది. భూసేకరణ, భూమిని తాత్కాలికంగా స్వాధీనం చేసుకోవడం, ఈ రెండు రకాల చట్టాలనూ పరిశీలించి మార్పులు సూచించింది. దేశంలో పెద్ద పెద్ద ప్రాజెక్టులు, ఉక్కు కర్మాగారాలు కడుతున్న రోజులవి. భూమి పోతున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. సరైన సమయంలో వచ్చిన నివేదిక.

ఏం జరిగింది? 1984 దాకా చట్టానికి పెద్ద సవరణే రాలేదు. ఆ ఏడాది మాత్రం సొలేషియం 15 శాతం నుంచి 30 శాతానికి పెంచారు, అవార్డుకు రెండేళ్ల గడువు పెట్టారు. మంచిదే. కానీ 1894 నాటి చట్రం చెక్కు చెదరలేదు. రైతు ఇష్టంతో పనిలేదు, పునరావాసం హక్కు కాదు. ఆ చట్టం పూర్తిగా పోయింది 2013లో. కొత్త చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే 1958 నివేదిక నుంచి లెక్కేసుకుంటే 55 ఏళ్లు.

ఆ 55 ఏళ్ల తర్వాతైనా చట్టం మారిందంటే ఎవరో అల్మారా తెరిచి పాత నివేదిక చదివినందువల్ల కాదు. 2007లో నందిగ్రామ్ జరిగింది. మన దగ్గర సెజ్‌ల పేరుతో భూములు పోయాయి. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్రాజెక్టులు వద్దన్నవాళ్ల మీద తూటాలు పేలాయి. ప్రాణాలు పోయాయి. అప్పటికి గానీ ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం మంది సమ్మతి కావాలనీ, ప్రభుత్వ - ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం కావాలనీ, సామాజిక ప్రభావ అంచనా వేయాలనీ, కౌలుదారుకీ కూలీకీ కూడా పునరావాసం ఇవ్వాలనీ చట్టంలోకి రాలేదు. మళ్లీ ఏడాది తిరక్కుండానే, 2014 డిసెంబరులో, ఆ సమ్మతిని నీరుగార్చే ఆర్డినెన్సు తెచ్చారు. దేశమంతా రైతులు లేచారు. 2015 ఆగస్టు చివరికి దాన్ని వదిలేసుకోక తప్పలేదు.

దీన్నుంచి నేను నేర్చుకున్నదొకటే. నివేదిక ఎంత బాగున్నా, దాన్ని భుజాన వేసుకుని నడిచే జనం లేకపోతే అది కాగితమే.

ఇంట్లోకి వచ్చిన నివేదిక

ఇప్పుడు రెండో నివేదిక. ఇది నా సొంత ఇంటి కథతో కలిసి ఉంది. చెప్పుకోవడానికి గర్వపడే కథ కాదు. అయినా చెప్తాను.

మేం ముగ్గురం. అన్న, అక్క, ఆఖరివాణ్ణి నేను. పిత్రార్జితం ఆరెకరాలు. మా అక్క పెళ్లి 1987లో అయింది. అమ్మ ముందే పోయింది, నాన్న 1991లో పోయారు. మరుసటి ఏడు పంపకాలు పెట్టుకున్నాం. ఊరి పెద్దలు కూర్చున్నారు. ఆరెకరాలు, ఇద్దరు మగపిల్లలు, తలా మూడెకరాలు. అక్కని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించాం. పసుపు కుంకుమల కింద చీర పెట్టి, కొంత డబ్బు చేతిలో పెట్టాం. దస్తావేజులో ఏం రాశారో ఆమెకు చదివి వినిపించినవాళ్లు లేరు. ఆమె అడగలేదు. మేం చెప్పలేదు. నేనప్పటికే సంఘంలో సభ్యుణ్ణి. భూమి పోరాటాల గురించి ఉపన్యాసాలు కూడా ఇస్తుండేవాణ్ణి.

అప్పటికి మాకు తెలియనిదేమిటంటే, అక్కడ సంతకం పెట్టింది హక్కుదారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా ఉంది గానీ, ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో మాత్రం పుట్టుకతో హక్కు కొడుక్కే ఉండేది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ దాన్ని సవరించింది. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతురికి, కొడుకుతో సమానంగా, పుట్టుకతోనే పిత్రార్జితంలో హక్కు ఇచ్చింది. కేరళ అంతకుముందే 1975లో ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేస్తూ వేరే దారిలో చట్టం చేసింది. మన దారిలో 1989లో తమిళనాడు, 1994లో కర్ణాటక, మహారాష్ట్ర నడిచాయి. మా అక్క పెళ్లి 1987లో. అంటే ఆరెకరాల్లో రెండెకరాలు ఆమెవి. మేమిద్దరం చెరో ఎకరా ఆమెది తీసుకున్నాం.

ఐదు రాష్ట్రాల్లో ఒక న్యాయం, మిగతా దేశంలో ఒక న్యాయం. ఈ సంగతిని 15వ లా కమిషన్ చేతికి తీసుకుంది. ఛైర్మన్ జస్టిస్ జీవన్‌రెడ్డి. ప్రశ్నావళి విడుదల చేసి, అభిప్రాయాలు సేకరించి, 2000 మే నెలలో 174వ నివేదిక ఇచ్చారు. పేరే ‘మహిళల ఆస్తి హక్కులు’. ఆంధ్ర పద్ధతినీ, కేరళ పద్ధతినీ కలిపి దేశమంతటికీ వర్తించేలా చట్టం మార్చాలని చెప్పారు. మన రాష్ట్రం వేసిన అడుగు ఇలా దేశం మొత్తానికి దారయింది.

అయితే ఆ నివేదికలోనూ లోపాలున్నాయి. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టింది. ఇంకొకటి, 1956 చట్టంలో 4వ సెక్షన్, 2వ ఉపసెక్షన్ అని ఉండేది. వ్యవసాయ భూముల కౌలు హక్కుల వారసత్వం, కమతాల విభజన, భూపరిమితి, వీటికి సంబంధించిన చట్టాల జోలికి ఈ వారసత్వ చట్టం రాదని దాని సారం. ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల్లో ఆ భూమి చట్టాలు కొడుకులకే పెద్దపీట వేశాయి. అంటే ఇంట్లో బంగారంలో కూతురికి వాటా ఉంటుంది, పొలంలో ఉండదు. రైతు ఇంట్లో పొలం కాక ఇంకేముంది?

ఇక్కడే జనం పాత్ర వచ్చింది. 2004 డిసెంబర్ 20న బిల్లు రాజ్యసభ ముందుకు వచ్చింది. మహిళా సంఘాలు, ఆర్థికవేత్త బీనా అగర్వాల్ లాంటివాళ్లు ఊరుకోలేదు. పొలాన్ని వదిలేసే ఆస్తి హక్కు హక్కే కాదని వాదించారు, ఎంపీలను కలిశారు, పార్లమెంటరీ కమిటీకి చెప్పుకున్నారు. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంలో 4(2) మినహాయింపు లేదు. పెళ్లయిన కూతురు, పెళ్లికాని కూతురు అన్న గీతా లేదు. అంటే చివరికి వచ్చిన చట్టం లా కమిషన్ రాసినదానికన్నా ఒక అడుగు ముందుంది. నివేదిక తలుపు తెరిచింది, ఆ తలుపును బార్లా తీసింది మాత్రం బయట నిలబడ్డ జనం. 2000 నుంచి 2005 దాకా ఐదేళ్లలో అయిపోయింది. 55 ఏళ్లకూ, ఐదేళ్లకూ తేడా ఎక్కడుందో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇంటికెళ్లి మీరు చూసుకోవాల్సింది

చట్టం గురించి నాలుగు ముక్కలు సూటిగా చెప్తాను. ఇవి మీ ఇంటికి, మీ పక్కింటికి పనికొస్తాయి.

మొదటిది, తండ్రి స్వార్జితం. వీలునామా రాయకుండా పోతే కొడుకు, కూతురు, భార్య, ఆయన తల్లి అందరికీ సమాన వాటా. ఇది 1956 నుంచీ ఉన్నదే.

రెండోది, పిత్రార్జితం. కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అని కోర్టుల్లో చాలాకాలం తర్జనభర్జన నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదు.

మూడోది, పాత పంపకాలు. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను చట్టం కదిలించదు. నోటిమాట పంపకాలు చాలాకాలం కిందటే అయిపోయాయని ఊరికే చెబితే కోర్టు మామూలుగా ఒప్పుకోదు, ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి సాక్ష్యం చూపాలి. మన ఊళ్లలో సగం పంపకాలు నోటిమాటవే. ఇది అన్నదమ్ములు తెలుసుకోవాలి, ఆడపిల్లలూ తెలుసుకోవాలి.

నాలుగోది, ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మన ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసీ ఆడబిడ్డలు దీనికి బయటే ఉన్నారు. దీన్ని పరిశీలించమని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఆదివాసీ సంఘాలతో కూర్చుని, వాళ్ల ఆచారాలను, భూమి రక్షణను దృష్టిలో పెట్టుకుని మాట్లాడాల్సిన విషయం ఇది. వాళ్ల తరఫున మనం తీర్మానాలు చేసేయడం సరికాదు.

కమిషన్ కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు

“మంచి కమిషనే కదా, మరి ఇబ్బంది ఏమిటి” అంటారేమో. ఇబ్బంది దాని నిర్మాణంలోనే ఉంది. మన లా కమిషన్‌కు వెనక చట్టం లేదు. ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చి మూడేళ్లకు వేస్తుంది. మూడేళ్లు కాగానే అయిపోతుంది. మళ్లీ ఎప్పుడు వేయాలో, ఎవరిని వేయాలో దాని ఇష్టం. 21వ కమిషన్ గడువు 2018 ఆగస్టు 31తో ముగిసింది. 22వ కమిషన్‌ను 2020 ఫిబ్రవరిలో ప్రకటించారు గానీ ఛైర్మన్‌ను నియమించింది 2022 నవంబరులో. నాలుగేళ్లకు పైగా కుర్చీ ఖాళీ.

ఆ నాలుగేళ్లలో మనకేం జరిగిందో గుర్తుందా? 2020 జూన్ 5న మూడు సాగు ఆర్డినెన్సులు వచ్చాయి. సెప్టెంబరులో చట్టాలయ్యాయి. మార్కెట్ యార్డులు, కాంట్రాక్టు సాగు, నిల్వలపై పరిమితులు, ఇంత పెద్ద మార్పు. రైతు సివిల్ కోర్టుకు వెళ్లే దారిని మూసి ఆర్డీవో దగ్గర తేల్చుకోమన్నారు. ఇలాంటి చట్టాన్ని ముందుగా చూసి, “ఇది న్యాయమా?” అని అడగాల్సిన సంస్థకు అప్పుడు ఛైర్మనే లేడు. 2014 ఫిబ్రవరిలో కేంద్రం తనకు తానే ఒక విధానం పెట్టుకుంది. ఏ బిల్లు ముసాయిదానైనా కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని. ఆర్డినెన్సు దారిలో వస్తే ఆ 30 రోజులు ఎక్కడివి? చివరికి రైతులే ఏడాదిపాటు ఢిల్లీ సరిహద్దుల్లో చలికి, ఎండకు కూర్చుని ఆ పని చేయాల్సి వచ్చింది. 2021 నవంబరులో మూడు చట్టాలూ రద్దయ్యాయి. ముందే అడిగి ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవో ఆలోచించండి.

మన రాష్ట్రం సంగతీ చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైటిలింగ్ చట్టం తెచ్చారు, 2023లో అమల్లోకి పెట్టారు, న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు, 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి ఇప్పుడు పోను. భూమి హక్కు లాంటి ప్రాణం మీది విషయంలో చట్టం వచ్చి, భయపెట్టి, పోవడం రైతుకు ఎంత నష్టమో మీకు తెలుసు. ముందు ఊరూరా చర్చ జరిగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

వేరే చోట ఎలా ఉంది?

బ్రిటన్‌లో 1965లో పార్లమెంటు చట్టం చేసి రెండు లా కమిషన్లు పెట్టింది. ఒకటి ఇంగ్లండ్, వేల్స్‌లకు, ఒకటి స్కాట్లాండ్‌కు. చట్టంతో పుట్టినవి కాబట్టి ప్రభుత్వం మారినా కమిషన్ ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, 2009లో వాళ్లు ఇంకో చట్టం చేశారు. ఇంగ్లండ్ లా కమిషన్ సిఫార్సుల్లో ఏవి అమలు చేశారో, ఏవి చేయలేదో, చేయకపోతే ఎందుకు చేయలేదో ఏటా పార్లమెంటుకు చెప్పాల్సిన బాధ్యత మంత్రి మీద పెట్టారు. మన దగ్గర నివేదికలు ఏ దశలో ఉన్నాయో చెప్పే పట్టిక పార్లమెంటు ముందు పెట్టే ఆనవాయితీ ఉంది. కానీ “ఎందుకు చేయలేదు” అన్నదానికి జవాబు చెప్పి తీరాలన్న చట్టం లేదు. 1958 నివేదిక మీద ప్రతి ఏడూ ఒక మంత్రి లేచి నిలబడి కారణం చెప్పాల్సి వస్తే 55 ఏళ్లు పట్టేదా?

స్కాట్లాండ్ ముచ్చట ఒకటి మనకు బాగా అర్థమవుతుంది. అక్కడ భూమి కొనుక్కున్నవాడి మీద కూడా పైన ఒక భూస్వామ్య యజమాని పెత్తనం ఉండేది. సొంత స్థలంలో కొత్తగా గది కట్టుకోవాలన్నా ఆ పైవాడి అనుమతి కావాలి, అనుమతికి డబ్బు అడిగేవాళ్లు. అక్కడి లా కమిషన్ 1999లో ఈ పద్ధతి పోవాలని నివేదిక ఇచ్చింది. 2000లో చట్టం వచ్చింది, 2004 నవంబర్ 28తో ఆ పద్ధతి అంతమైంది. మనం జమీందారీలను, జాగీర్దారీలను 1948, 49లలోనే రద్దు చేయించుకున్నాం. ఎలా చేయించుకున్నామో ఈ హాల్లో ఉన్న పెద్దలకు వేరే చెప్పక్కర్లేదు. పోరాటంలో మనం ముందున్నాం. పోరాడి సాధించినదాన్ని నిలబెట్టే సంస్థల విషయంలో వెనకబడ్డాం.

మనం అడగాల్సినవి, మనం చేయాల్సినవి

మనం నాలుగు అడగాలి. ఒకటి, లా కమిషన్‌ను పార్లమెంటు చట్టంతో శాశ్వత సంస్థగా పెట్టాలి, కుర్చీ ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండకూడదు. రెండు, ప్రతి నివేదికపై గడువులోగా ప్రభుత్వం చట్టసభకు జవాబు చెప్పాలి. మూడు, భూమికి, పంటకు సంబంధించిన ఏ ముసాయిదా అయినా తెలుగులో రావాలి, గ్రామసభల్లో చదవాలి. నాలుగు, రాష్ట్ర స్థాయిలోనూ చట్టబద్ధమైన కమిషన్ ఉండాలి. కేరళలో 2007లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ అధ్యక్షతన న్యాయ సంస్కరణల కమిషన్ వేశారు. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటిదాన్ని చట్టంతో పెట్టి, అందులో రైతు, కౌలు రైతు, వ్యవసాయ కూలీ గొంతు వినపడేలా చూడాలి.

అడగడం ఒక్కటే కాదు, మనం చేయాల్సిన పనీ ఉంది. 2023లో ఉమ్మడి పౌరస్మృతిపై లా కమిషన్ అభిప్రాయాలు అడిగితే లక్షల్లో వెళ్లాయి. భూమి గురించి, కౌలు గురించి మనం ఎన్ని రాశాం? ధర్నాకు వెయ్యి మందిమి వెళ్తాం, ఉత్తరం ఒక్కటి రాయం. ఇకనుంచి రాద్దాం. ఎలా రాయాలంటే, “రైతులకు అన్యాయం జరుగుతోంది” అని రాస్తే అది ఎవరికీ ఉపయోగపడదు. ఏ చట్టం, ఏ సెక్షన్, మన మండలంలో దానివల్ల ఎవరికి ఏం జరిగింది, ఆ సెక్షన్ ఎలా ఉండాలి, ఈ నాలుగూ ఒక పేజీలో ఉండాలి. ప్రతి గ్రామ కమిటీ ఒక జాబితా తయారు చేయాలి. మన ఊళ్లో సాగు చేస్తూ తన పేరున పాసుపుస్తకం లేని ఆడవాళ్లు ఎంతమంది? భర్త పోయాక అడంగల్‌లోగానీ, పహాణీలోగానీ పేరు ఎక్కనివాళ్లు ఎంతమంది? ఆ జాబితా మన చేతిలో ఉంటే కలెక్టరైనా, కమిషనైనా మన మాట వినక తప్పదు.

చివరగా మా అక్క సంగతి పూర్తి చేసి సెలవు తీసుకుంటాను.

మా బావ కౌలు రైతు. పత్తి వేసేవాడు. 2009లో పోయాడు, అప్పులు మిగిలాయి. అక్క ఆ కౌలు పొలాన్నే పట్టుకుని సాగు చేసింది. అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే మొదట అడిగింది పాసుపుస్తకం. ఆమె పేరున సెంటు భూమి లేదు. వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయింది. 1992లో మేం ఆ రెండెకరాలు ఆమెకు వదిలి ఉంటే ఆమె ఆ గడప తొక్కేది కాదు. ఈ సంగతి నాకు తట్టింది మరో మూడేళ్లకు, ఇలాంటి అధ్యయన తరగతుల్లోనే ఒక న్యాయవాది 1985 చట్టం గురించి చెప్తుంటే. ఇంటికి వెళ్లి రాత్రంతా నిద్రపోలేదు. నా వాటాలో చేరిన ఎకరాన్ని అక్క పేర రిజిస్టరు చేయించాను. మా అన్న చేతిలో ఉన్న ఎకరా ఇంకా తేలలేదు. తేలేదాకా అడుగుతూనే ఉంటాను.

రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగుతూ అక్క ఒక్కటే మాట అడిగింది. “ఒరే, ఇది నువ్వు ఇచ్చిందా, నాదేనా?”

“నీదే అక్కా” అన్నాను. దస్తావేజులో మాత్రం తమ్ముడు ప్రేమాభిమానాలతో ఇచ్చిన దానం అని రాసి ఉంది. ఆనాటి విడుదల పత్రం అలాగే ఉంది కాబట్టి మాకు తెలిసిన దారి అదొక్కటే.

హక్కును దానంగా రాసుకోవాల్సిన పరిస్థితి మన ఆడబిడ్డలకు ఇంకెవరికీ రాకూడదు. మీలో అక్కాచెల్లెళ్లు ఉన్నవాళ్లు ఇంటికి వెళ్లాక బీరువాలో ఉన్న పాత దస్తావేజు ఒకసారి తీసి చదవండి. ఆ తర్వాత లా కమిషన్‌తో మనకేం పని అన్న ప్రశ్నకు జవాబు మీకే తెలుస్తుంది.